ముందు ప్లేటు, తర్వాతే మైక్రోమీటర్

"నిన్నెవరు కొలవమన్నారు?" అన్నాడు మా సూపర్‌వైజర్, అందరూ వింటుండగానే. ఇంగ్లండ్‌లో పాత కార్ల ఇంజన్లు బాగుచేసే షాపు మాది. బల్ల మీద ఎమ్‌జీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఇంజన్. బ్లాకుకి ఉన్న రేకు మీద ఏముందో జాబ్ కార్డులో ఎక్కించకముందే నేను క్రాంక్‌షాఫ్ట్ కొలిచాను. అదీ నేరం.

ఆటోనగర్‌లో అంబాసిడర్ ఇంజన్లు విప్పీ విప్పీ చెయ్యి తిరిగినవాణ్ని. అంబాసిడర్‌దీ దీనిదీ ఒకటే వంశం, బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల బీ సిరీస్. అక్కడ 1489 సీసీ, ఇక్కడ 1798. స్ట్రోక్, అంటే పిస్టన్ పైకీ కిందకీ తిరిగే దూరం, రెండింటికీ 88.9 మిల్లీమీటర్లే. అలాంటి ఇంజన్ దగ్గర నన్ను కొత్త కుర్రాడిలా నిలబెడితే మండదా?

ఒరిజినల్ ఇంజన్ నంబరు ప్లేటు ఉంటే చదవడం తేలికే. 18జీబీ-యూ-హెచ్ అని ఉందనుకోండి. 18 అంటే 1800 సీసీ తరగతి, జీ అంటే ఎమ్‌జీ, బీ అంటే 1964 చివర్లో వచ్చిన ఐదు మెయిన్ బేరింగుల (క్రాంక్‌ని మోసేవి) రకం, యూ అంటే గేరు రాడ్డు మధ్యలో, హెచ్ అంటే హై కంప్రెషన్. ఆ తర్వాత వరస నంబరు.

చిక్కల్లా రీకండిషన్ చేసిన వాటితోనే. బీఎంసీ వాళ్లే 'గోల్డ్ సీల్' పేరుతో అలాంటివి అమ్మేవారు. మన పాత ఇంజన్ వాళ్లకిచ్చి, సిద్ధంగా ఉన్న ఇంకోటి తెచ్చుకోవడమే. గ్రీజు గీకితే అడుగున బంగారు రంగు పెయింటు కనిపిస్తుంది. నంబరు కారుతో పుట్టిన నంబరు కాదు, అయినా దొంగ సరుకూ కాదు. ఇక్కడ ఇంజన్ మారిస్తే లాగ్‌బుక్‌లో ఆ సంగతి రాయించుకుంటారు, అంతే. అదే మన దగ్గర ఆర్‌సీలో నంబరు టాలీ కాకపోతే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు.

నా ముందున్నదానికి అసలు ప్లేటు లేదు. ఎప్పుడో ఎవరో రీకండిషన్ షాపువాళ్లు బిగించిన చిన్న అల్యూమినియం రేకు మాత్రం ఉంది. దాని మీద 20 అనీ 10 అనీ గుద్ది ఉంది. బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, 20 థౌ పెంచారు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, 20 అంటే అర మిల్లీమీటరు. క్రాంక్ జర్నల్స్, అంటే బేరింగుల్లో తిరిగే భాగాలు, 10 థౌ తగ్గించారు. తర్వాత విప్పేవాడు ఏ పిస్టన్లు, ఏ బేరింగులు తెప్పించాలో చెప్పే చీటీ అది. పైన పేరు లేదు, తేదీ లేదు. ఆ ముక్కూ మొహం తెలియని మనిషి మీద మా సూపర్‌వైజర్‌కి ఉన్న నమ్మకం, ఎదురుగా మైక్రోమీటర్ పట్టుకుని నిలబడ్డ నా మీద లేదు. నన్ను కుదిపింది అదే.

ఆటోనగర్‌లో మా మేస్త్రి రేకులు బిగించేవాడు కాదు. 'ఆ బండి పోయినసారి ముప్పైకి కొట్టాం' అని నోటితో చెప్పేవాడు, అది తప్పేది కాదు. రాతే లేదా అంటే, ఉంది. మెయిన్ బేరింగ్ క్యాపులు ఒకదాని చోట ఒకటి పడకుండా సెంటర్ పంచ్‌తో మొదటిదానికి ఒక చుక్క, రెండోదానికి రెండు, మూడోదానికి మూడు పెట్టేవాడు. చుక్కలు కలిసేట్టు బిగించాలి, అంతే. అదేం తక్కువ చదువు? ఆయన పోయాక ఆ ముప్పైలూ నలభైలూ ఎవరికీ తెలియకుండా పోయాయన్నది నిజమే, కాదనను.

ఇంతకీ క్రాంక్ 10 దగ్గరే ఉంది. బోరు మాత్రం నాలుగు సిలిండర్లలోనూ 40 వచ్చింది. రేకు పెట్టాక ఇంకెవరో మళ్లీ బోరింగ్ చేసి, రేకు మార్చకుండా వదిలేశారు. రేకు మీద 20నే నమ్మి, తర్వాతి సైజని 40 పిస్టన్లు తెప్పించి ఉంటే, అప్పటికే 40కి వెళ్లి అరిగిన బోరులో అవి వదులై పనికిరాకుండా పోయేవి.

సూపర్‌వైజర్ సారీ ఏం చెప్పలేదు. గేజ్ తీసుకుని తనూ ఒకసారి కొలిచి, కార్డు మీద 'ప్లేటు 20, కొలత 40' అని పక్కపక్కన రాశాడు. రేకు తీసేయనివ్వలేదు. కింద ఇంకో కొత్త రేకు బిగించమని నాకే ఇచ్చి, 60కి వెళ్దామా, లైనర్లు (సిలిండర్ లోపల దించే కొత్త గొట్టాలు) వేద్దామా అని అడిగాడు. సిలిండర్ గోడ మందం చూశాక చెబుతానన్నాను.