ఇస్సాకు అంటే నవ్వు

ప్రార్థన ఎత్తుకునేటప్పుడు మన పెద్దలు ‘అబ్రాహాము దేవా, ఇస్సాకు దేవా, యాకోబు దేవా’ అంటారు. ఆ నడిమి పేరుకి హీబ్రూలో ‘నవ్వుతాడు’ అని అర్థం. నూరేళ్ళ అబ్రాహాముకీ తొంభై ఏళ్ళ శారాకీ పిల్లాడు పుడతాడంటే ఆదికాండం 17లో ఆయన సాగిలపడి మరీ నవ్వాడు. పుట్టేవాడికి ఆ నవ్వే పేరు పెట్టమన్నాడు దేవుడు. 18లో ఆవిడా గుడారంలో లోలోపల నవ్వుకుంది. భయపడి ‘నవ్వలేదు’ అని బొంకితే, ‘అవును నీవు నవ్వితివి’ అన్నాడు దేవుడు. అంతటితో సరి. శిక్ష లేదు, శాపం లేదు. 21కి వచ్చేసరికి అదే శారా, దేవుడే నన్ను నవ్వించాడు, విన్నవాళ్ళంతా నాతోపాటు నవ్వుతారు అంటుంది.

తెలుగు బైబిల్లో పేరు పేరుగానే ఉండిపోయింది కాబట్టి ఈ అర్థం మనవాళ్ళ చెవిన పడదు. ఈ భాగం మీద వాక్యం చెప్పేవాళ్ళు పేరు అర్థాన్ని చదవకముందే చెప్పాలి. చాలామంది దాన్ని ముగింపులో విప్పుదామని దాచుకుంటారు. అలా దాస్తే మూడు అధ్యాయాల్లో మూడు నవ్వులూ వినబడకుండానే దాటిపోతాయి. ముందే చెప్పి, మూడుచోట్లా ‘నవ్వు’ అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగి చదివితే చాలు, సంఘం తనంతట తనే అందుకుంటుంది.

మన గోదావరి జిల్లాల్లో బోధకులకి హాస్యం నేర్పక్కర్లేదు. ఇక్కడి చిక్కల్లా వెటకారం. ఆరాధన సగమయ్యాక ఎవరో లోపలికొస్తారు. ప్రసంగం ఆపి, మైకులో, ఎంతో మర్యాదగా, ‘రండి రండి, దీవెన ఇంకా మిగిలే ఉందండీ’ అంటారు. చాపల మీద అందరూ ఘొల్లుమంటారు. ఆవిడ చెంగు తలమీదికి లాక్కుని చివర చాపమీద కూలబడుతుంది. తెల్లారగట్ల లేచి పంటు మీద గోదావరి దాటి వచ్చిందో, మంచాన పడ్డ అత్తగారికి అన్నం పెట్టి వచ్చిందో మైకు పట్టుకున్నవాళ్ళకి తెలియదు. పై ఆదివారం ఆవిడ రాదు. ఎందుకు రాలేదో ఎవరికీ అర్థం కాదు.

ఎఫెసీ 5:4లో పౌలు వద్దన్నవాటిలో బూతులు, పోకిరిమాటల పక్కనే ‘సరసోక్తులు’ ఉన్నాయి. అక్కడి గ్రీకు మాట యూట్రపేలియా. మాటని చక్కగా మలుపు తిప్పడం అని దాని అర్థం. అరిస్టాటిల్ దాన్ని సుగుణాల్లో చేర్చాడు. పౌలు బూతుల పక్కన కూర్చోబెట్టాడు. నా లెక్కలో పౌలు నవ్వుని కాదు, మలుపుని పట్టుకున్నాడు. మర్యాదగా మొదలైన మాట చివర్లో తిరిగి ఎదుటిమనిషిని కుట్టడమే ఆ మలుపు. ‘ఆయ్’ అంటూనే పొడవడం మనకి ఉగ్గుపాలతో వచ్చింది కనుక ఈ వచనం మనకోసమే రాసినట్టుంటుంది.

మరి ఏలీయా ప్రవక్త మాటేమిటి, కర్మెలు కొండ మీద వెటకారమాడలేదా అని అడుగుతారు. ఆడాడు. మొదటి రాజులు 18లో ఏలీయా ఒక్కడు, అవతల బయలు అనే దేవుడి ప్రవక్తలు 450 మంది, రాజు కూడా వాళ్ళ పక్షమే. బలం లేనివాడు బలమున్నవాళ్ళని అన్న మాట అది. మైకున్నవాళ్ళు చాపమీద కూర్చున్నవాళ్ళని అంటే లెక్క తిరగబడినట్టే. ఇంకొకటి, మన చర్చిల మీద లౌడ్ స్పీకర్లున్నాయి. లోపలివాళ్ళకి అరగంట ప్రసంగం వినబడితే, వీధిలో పోయేవాళ్ళకి ఒక్క వాక్యమే వినబడుతుంది. ఏలీయా పేరు చెప్పి పక్కింటివాళ్ళ దేవుళ్ళ మీద హాస్యమాడితే ఆ ఒక్క ముక్కే ఊరంతా తిరుగుతుంది. అది ఎప్పటికీ చెయ్యకూడని పని.

నిద్రపోయేవాళ్ళ మీద విసుర్లూ అంతే. అపొస్తలుల కార్యాలు 20లో కిటికీలో కూర్చుని కునికి మూడో అంతస్తు నుంచి పడ్డ ఐతుకుని చూపించి కునికేవాళ్ళని ఆటపట్టించడం చాలాచోట్ల అలవాటు. లూకా రాసింది చూడండి. ఆ గదిలో దీపాలు చాలా ఉన్నాయట, పౌలు అర్ధరాత్రిదాకా మాట్లాడాడట. పౌలు ఆ కుర్రాణ్ణి ఒక్కమాట అనలేదు, కిందికి దిగి కౌగిలించుకున్నాడు. మన సంఘాల్లో కునికే కుర్రాడు రాత్రంతా రొయ్యల చెరువు గట్టు మీదున్నవాడై ఉంటాడు. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి ఆ వేళ నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరేటర్ల దగ్గర కళ్ళు మూస్తే చెరువు పోయినట్టే. వాడు ఆదివారం వచ్చి కూర్చోవడమే పెద్ద సంగతి. ఐతుకు కథలో నవ్వు ఉంది, కాదనను. అది ప్రసంగం ఎక్కువసేపు చెప్పేవాళ్ళ మీద పడాల్సిన నవ్వు.

యేసు నవ్వించిన తీరు వేరు. మత్తయి 7లో దూలం, నలుసు: నీ కంట్లో దూలం ఉంచుకుని ఎదుటివాడి కంట్లో నలుసు తీస్తానంటావేం అంటాడు. ‘దూలము’ అని గ్రాంథికంలో గంభీరంగా చదివేసరికి అదేదో తత్వంలా వినబడుతుంది. గ్రీకులో అది ఇంటి కప్పు మోసే దూలమే. నలుసు ఎండు పుల్లముక్క. వడ్రంగి పనిలో రోజూ చూసేవి. దీన్ని మన ఇళ్ళలోకి తెచ్చి చెప్పండి. దాళ్వా ధాన్యం ఎగరబోస్తున్నప్పుడు ఒకాయన కంట్లో పొట్టు పడింది. కన్ను నలుపుకుంటున్నాడు. సాయం చేస్తానంటూ ఇంకొకాయన తువ్వాలు కొస తడిపి, వడిపెట్టి, బయల్దేరాడు. ఆయన కంట్లోంచి పెంకుటింటి తాటి దూలం పొడుచుకొచ్చి ఉంది. దగ్గరికెలా వస్తాడు? వంగితే దూలం అవతలాయన నుదుటికి తగులుతుంది. ఇక్కడ చేత్తో దూలం పొడవు చూపించి ఆగాలి. మూడు సెకన్లు చాలు. నవ్వు వెనక వరసలో కుర్రాళ్ళ దగ్గర మొదలై ముందుకొస్తుంది. అది సద్దుమణగకముందే మాట కలిపితే రెండూ పోతాయి. ఆ నవ్వులో తడిపిన తువ్వాలు పట్టుకున్నది తామేనని ప్రతివాళ్ళకీ లోపల తెలుస్తుంది. ఎవరి పేరూ చెప్పక్కర్లేదు, ఎవరివైపూ చూడకూడదు.

మత్తయి 23:24లో దోమని వడగట్టి ఒంటెని మింగడమూ అలాంటిదే. పిల్లలకి ఒంటె పెద్దగా తెలియదని వచనంలో గేదె అని మార్చి చదివేవాళ్ళున్నారు. అది వద్దు. లేవీయకాండం 11లో ఒంటె నిషిద్ధం కనుకే ఆ మాటకి అంత బరువు, గేదెకి అది లేదు. ఒంటె అనే చదివి, పిల్లల వేసవి బైబిలు బడి విబిఎస్‌లో టీ వడకట్టే జల్లెడా గ్లాసూ పట్టుకుని చేసి చూపించండి. దోమని గోటితో తీసి పక్కన పెట్టడం నెమ్మదిగా, ఒంటె కాళ్ళు, మూపురం, మెడ ఒక్కొక్కటే మింగడం ఇంకా నెమ్మదిగా.

నవ్వించడమే పని అయిపోతే ఏమవుతుందో యూరప్‌లో జరిగింది. ఈస్టర్ నాడు సంఘాన్ని నవ్వించాలని జర్మన్ ప్రాంతాల్లో బోధకులు ప్రసంగ వేదిక మీద కథలూ జంతువుల కూతలూ మొదలెట్టారు, అవి మోటు హాస్యందాకా పోయాయి. 1518లో ఎకొలంపాడియస్ అనే క్రైస్తవ పండితుడు దీన్ని తప్పుపడుతూ స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో పుస్తకమే అచ్చువేయించాడు. పునరుత్థానపు ఆనందం మంచి కారణమే. కానీ ఆ వాక్యంలో లేని నవ్వుని బయటినుంచి తెచ్చి అతికించారు. నలభై నిమిషాల ప్రసంగంలో వాక్యంలోంచి పుట్టిన నవ్వు రెండుచోట్ల వస్తే చాలా ఎక్కువ.

క్రిస్మస్ కూడికలో కంఠత వాక్యం చెప్పే పిల్లల సంగతి. పాప మాట తడబడుతుంది, జనం ముద్దుకే నవ్వుతారు, పాపకి మాత్రం అది ముద్దులా వినబడదు. టీచరు మైకు పక్కకి తిప్పి, పాప ఎత్తుకి కూర్చుని, తర్వాతి మాట చెవిలో అందించాలి. ‘మళ్ళీ చెప్పమ్మా’ అని మైకులో అనొద్దు. ఆదరణ కూడికల్లో నవ్వు బోధకుడు మొదలెట్టకూడదు. ఇంట్లోవాళ్ళే పోయినాయన చిలిపితనం తలుచుకుని నవ్వితే మాత్రం ఆపకూడదు. ప్రసంగి 3:4లో ఏడ్చే సమయం ముందుంది, నవ్వే సమయం తర్వాత ఉంది.

ఈసారి యౌవనస్తులకి నాటిక కావాలంటే అపొస్తలుల కార్యాలు 12 తీసుకోండి. హేరోదు రాజు చెరలో వేసిన పేతురుని దేవదూత విడిపించిన కథ అది. ఏడు నిమిషాలు, ఆరేడుగురు చాలు. పేతురు, రొదే అనే చిన్నది, ప్రార్థన చేసేవాళ్ళు నలుగురు, చదివేవాళ్ళొకరు. నవ్వంతా లూకాయే పెట్టాడు. చెరసాల ఇనుప గవిని దానంతటదే తెరుచుకుంది, పేతురుకోసం ప్రార్థన చేస్తున్న ఇంటి తలుపు మాత్రం తెరుచుకోలేదు. రొదే గొంతు గుర్తుపట్టి, సంతోషంతో తలుపు తియ్యడం మరచి లోపలికి పరుగెత్తింది. వాళ్ళు ‘నీవు పిచ్చిదానవు’ అన్నారు. విడిపించమని అడుగుతున్నవాళ్ళకే విడుదల నమ్మకం కలగలేదు.

ఎక్కువగా చెడేది పేతురు పాత్రలో. కుర్రాళ్ళు వాణ్ణి హాస్యగాడు చేసేస్తారు. అలా చెయ్యొద్దు. అదే అధ్యాయం 2వ వచనంలో యోహాను అన్నదమ్ముడు యాకోబుని హేరోదు కత్తితో చంపించాడు, నాటిక ఆ వచనం చదవడంతోనే మొదలవ్వాలి. పేతురు పారిపోయి వచ్చినవాడు, వీధివైపు చూసుకుంటూ మెల్లగా తట్టాలి. ఆ భయం నిజమైతేనే నవ్వు వస్తుంది. థర్మోకోల్ తలుపు చప్పుడు చెయ్యదు, తెర వెనక ఒకరు చెక్కపీట మీద వేలిమణుపులతో, స్టాండు మైకుకి జానెడు దూరంలో కొట్టాలి. మొదటి మూడు దెబ్బలకి ఎవరూ నవ్వరు. లోపల నలుగురూ ‘అతని దూత’ అని వాదించుకుంటూ ఉండగా మళ్ళీ మూడు దెబ్బలు, అప్పుడు నవ్వుతారు. వాదన ఆగకూడదు. మూడోసారి తట్టేసరికి జనమే ‘తలుపు తియ్యండి’ అని అరుస్తారు. తియ్యండి. లోపల కేకలు, బయట నవ్వులు. 17వ వచనంలో పేతురు ఊరకుండమని చేసైగ చేశాడు. ఆ సైగ నాటికలోవాళ్ళకి కాకుండా జనం వైపు తిరిగి చెయ్యాలి. నవ్వు దానంతటదే దిగిపోయేదాకా చెయ్యి అలాగే ఉంచి, ప్రభువు తనని చెరసాలలోంచి ఎలా బయటికి తెచ్చాడో పేతురు తగ్గు గొంతుతో చెప్పాలి.