ఆ పది రోజుల లెక్క ఎవరూ చెప్పలేదు

నిన్న పొద్దున నిశ్చయ్ గర్భ పరీక్ష కిట్‌లో ఒక్క గీతే పడింది, అంటే గర్భం లేదు. మూడు వారాల తర్వాత కడుపునిండా తిన్నాను.

గర్భం రాకుండా రెండేళ్లుగా మాలా-ఎన్ మాత్రలు వాడుతున్నాను. తలనొప్పులు ఎక్కువైతే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపించుకున్నాను. బీపీ చూసి, ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తక్కువ ఉన్న మరో గర్భనిరోధక మాత్ర రాశారు. "పాత అట్ట అయిపోయాక మొదలుపెట్టండి" అన్నారు, అంతే.

అట్ట అయిపోయింది. మందుల దుకాణంలో కొత్తది లేదు, తెప్పించడానికి మూడు రోజులు పట్టింది. ఈ ఖాళీ వల్ల ఇబ్బంది ఉంటుందా అని అడగడానికి మళ్లీ ఆసుపత్రికి వెళ్లాను. చీటీలు రాసే ఆవిడకు గొంతు తగ్గించి చెప్పాను. ఆవిడ తగ్గించలేదు. "ఏమిటీ, గర్భం రాకుండా వేసుకునే మాత్రలా? మీ వారు రాలేదా? ఆయనకు తెలుసా?" అని హాలంతా వినపడేలా అడిగింది. బెంచీ మీద మా వీధి చివరింటి పెద్దాయన పేపరులోంచి తలెత్తి నన్ను చూసి, మళ్లీ దించుకున్నారు. చేతిలో ఉన్న ఖాళీ అట్టను గబుక్కున కొంగు కింద దాచాను. ఎందుకు దాచాను? తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని, మూడో కాన్పు వద్దనుకోవడానికి ఆ చీటీల ఆవిడ అనుమతి కావాలా? డాక్టరమ్మ లేరు, రేపు రమ్మంది. ఇక ఆ గడప తొక్కలేదు.

అటునుంచి అటే ఆరోగ్య ఉపకేంద్రానికి వెళ్లాను. ఏఎన్ఎం గారు తలుపు దగ్గరగా వేసి, అట్ట మీద పెన్నుతో గీసి చూపించారు. "అసలు మందు ఈ 21 మాత్రల్లోనే ఉందమ్మా. చివరి 7 ఐరన్ మాత్రలు. పైన ఇంకో 3 రోజులు పోయాయి. మొత్తం 10 రోజులు ఒంట్లో మందు లేదు. 7 దాటితే అండం విడుదల కావచ్చు."

మొన్న రాత్రి మా ఆయనా నేనూ కలిశామని చెప్పాల్సి వచ్చింది. ఆమె ముఖం చిట్లించలేదు. కలిసిన 72 గంటల్లోపు వేసుకోవాల్సిన అత్యవసర గర్భనిరోధక మాత్ర ఇచ్చారు. కొత్త అట్ట ఆ రోజే మొదలుపెట్టమని, 7 రోజులు నిరోధ్ తప్పనిసరి అని, నెలసరి వచ్చినట్టనిపించినా మూడు వారాలకు పరీక్ష మానవద్దని చెప్పారు. 21వ మాత్ర వేసుకున్న మర్నాడే కొత్తది మొదలుపెట్టి ఉంటే నిరోధ్ అవసరమే ఉండేది కాదట. ఆ ఒక్క మాట డాక్టరమ్మ చీటీ మీద రాసి ఉంటే చాలు.

మాత్ర మార్చుకునేవాళ్లు పాత అట్టలో ఐరన్ మాత్రలకు రాకముందే కొత్తది కొని ఇంట్లో పెట్టుకోండి. నేను ఇవాళే మరో రెండు అట్టలు తెచ్చుకున్నాను.