చీనీ రైతుల జవాబులకు ఓట్లు పెట్టిన కథ

అనంతపురం జిల్లా నార్పల, గార్లదిన్నె వైపు చీనీ (బత్తాయి) రైతుల కోసం ఒక యాప్ చేసిమ్మన్నారు. కాయకు మంగు పట్టినా, కొమ్మలు ఎండుతున్నా ఫోటో తీసి పెడితే, ఆ తిప్పలు పడిన తోటి రైతులే జవాబు రాస్తారు. చదివినవాళ్లు ఓటేస్తే మంచి జవాబు పైకి రావాలి. నా తల తిన్నదంతా ఈ చివరి మాటే.

మొదట లెక్క సంగతి. అవునన్న ఓట్లలోంచి కాదన్నవి తీసేస్తే, ముందు రాసినవాడి జవాబే పైన తిష్ఠ వేస్తుంది, ఎక్కువమంది చూసేది దాన్నే కాబట్టి. పోనీ శాతం చూద్దామా అంటే, ముగ్గురికి ముగ్గురూ మెచ్చినదానికి నూరు, యాభైమందిలో నలభై ఐదుగురు మెచ్చినదానికి తొంభై. రైతు దేన్ని నమ్మాలి? దీనికి అమెరికా గణాంక శాస్త్రవేత్త ఎడ్విన్ విల్సన్ 1927లోనే దారి చూపాడు. పడిన ఓట్లు ఇన్నే కదా, అసలు మెప్పు కనీసం ఎంత ఉండొచ్చు అని ఆయన సూత్రం లెక్కగడుతుంది. 95 శాతం నమ్మకంతో చూస్తే 3కి 3 వచ్చినదానికి దాదాపు 0.44, 50కి 45 వచ్చినదానికి 0.79 తేలుతుంది. జనం ఓట్లతో వ్యాఖ్యలను పైకీ కిందికీ జరిపే రెడిట్ అనే వెబ్‌సైటు 2009లో పట్టుకున్నదీ ఈ సూత్రాన్నే. నేనూ అదే పెట్టేశాను.

చిక్కంతా మనుషులతో. 2013లో సైన్స్ పత్రికలో ఒక ప్రయోగం అచ్చయింది. కొన్ని వ్యాఖ్యలకు పెట్టీపెట్టగానే ఒక దొంగ ఓటు వేసి వదిలారు. అనుకూల ఓటు పడినవాటికి చివరికి వచ్చిన మార్కులు సగటున 25 శాతం ఎక్కువ. వ్యతిరేక ఓటును మాత్రం తర్వాత వచ్చినవాళ్లు సరిచేసేశారు. అది చదివాక, ఓటేసేదాకా ఓట్ల అంకె కనపడకుండా దాచాను. "ఎవరికెన్ని పడినాయో తెలీకుండా ఎట్ల ఏసేదప్పా?" అని మీటింగులో ఒకాయన నిలదీశాడు. దాచాల్సింది ఎందుకో ఆయనే చెప్పేశాడు కదా అనిపించి, మార్చలేదు.

ఇక కాదనడానికి పెట్టిన కింది బాణం. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. "రాసింది మా ఊరి పెద్దాయన. కాదని నొక్కితే రేపు మొగం ఎట్ల చూపియ్యల్ల?" అన్నాడొక పిల్లోడు. ప్రోగ్రామర్లు ప్రశ్నలడిగే స్టాక్ ఓవర్‌ఫ్లో వెబ్‌సైటులో జవాబుకు వ్యతిరేక ఓటేస్తే వేసినవాడికే ఒక పాయింటు కోత పడుతుంది, ఊరికే నొక్కకుండా ఉండాలని. మాకు నొక్కించడమే గగనమైంది. బాణాలు తీసేసి "నా తోటలో పనిచేసింది", "నా తోటలో పనిచేయలేదు" అని రాయించాం. చేతులు కదిలాయి. సొంత చెట్టు గురించి చెప్పడానికి ఎవరికి మొహమాటం?

దాంతో ఇంకో పేచీ మొదలైంది. ఎండు తెగులుకు ట్రైకోడెర్మా అనే మేలుచేసే బూజును పశువుల ఎరువులో కలిపి పాదుల్లో వేస్తారు. దాని గుణం ఇయ్యాల వేస్తే రేపు తెలిసేది కాదు. చదివిన పూటే నొక్కిన ఓటు ఆ మనిషి మీద నమ్మకమే గానీ ఫలితం కాదు. అందుకే "చేసి చూస్తా" అని మూడో మీట పెట్టి, నొక్కినవాళ్లకు కొన్ని వారాల తర్వాత ఫోన్లో గుర్తుచేసి అడుగుతున్నాం. ఫలితం చెప్పినవే విల్సన్ లెక్కలోకి వస్తాయి. చాలామంది చెప్పరు. చెట్టు పోయి కడుపు మండినవాళ్లే ఎక్కువగా చెబుతారని నా అనుమానం.

మధ్యలో ఒకే మందు పేరున్న జవాబులకు ఒకే పూట బిలబిలా ఓట్లు పడసాగాయి. ఎవరి పనో ఊహించడానికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు. ఖాతాలు మూసేస్తే కొత్తవి తెరుస్తారు. కాబట్టి ఎప్పుడూ జట్టుగా ఓటేసే ఫోన్లన్నిటినీ ఒక్క ఓటుగా లెక్కకడుతున్నాం, చెప్పకుండానే. ఈ దెబ్బ ఒకే ఇంట్లోని తండ్రీకొడుకులకూ తగిలింది. వాళ్ల గొడవ న్యాయమే. తోటలు వేరని చూపిస్తే విడదీస్తున్నాం.

కొత్త జవాబులు అడుగునే పడిపోకుండా, తక్కువ ఓట్లు ఉన్నవాటిలో ఒకదాన్ని చీటీ తీసి అన్నిటికన్నా పైన పెడదామన్నాను.

"నీ చీటీకి నా చెట్టు బలియ్యల్లనా?" అన్నారు రైతులు.

బేరాలాడి మూడో స్థానానికి ఒప్పించాను. పక్కన "ఇంకా ఎవరూ చేసి చూడలేదు" అని ఎర్రగా రాయాలన్నది వాళ్ల షరతు.