ఇకాలుయిట్‌లో ఇగ్లూ కట్టడం చూశాం

కెనడాలో బాఫిన్ దీవి మీదున్న ఇకాలుయిట్‌కి బయటినుంచి రోడ్డు లేదు, ఒట్టావా నుంచి విమానంలో వెళ్లాం. ఏప్రిల్‌లో అక్కడ టూనిక్ టైమ్ ఉత్సవం. 1965లో మొదలైన ఈ ఉత్సవంలో ఇగ్లూ, అంటే మంచు దిమ్మలతో గుమ్మటంలా పేర్చే ఇల్లు, కట్టే పోటీ ఉంటుంది. అక్కడి ఆదివాసులైన ఇన్యూట్లు ఇప్పుడు ఉండేది మామూలు ఇళ్లలోనే. ఇగ్లూ వేటకెళ్లినప్పుడు రాత్రి బసకి, పిల్లలకి నేర్పడానికి.

సగం పని మంచు వెతకడమే. సన్నటి కడ్డీ గుచ్చుకుంటూ తిరుగుతారు. అది మొదట్నుంచి చివరిదాకా ఒకే బిగువుతో దిగాలి. మధ్యలో గట్టిగా తగిలి ఆనక జారిందంటే పొరలున్నట్టే, ఆ దిమ్మ ఎత్తగానే విరుగుతుంది. ఒకే గాలికి పేరుకుని గట్టిపడిన మంచు కావాలి.

కోసేది పానా అనే కత్తితో. పూర్వం కారిబూ అనే మంచుదుప్పి కొమ్ముతోనో ఎముకతోనో చేసేవారు, ఇప్పుడు మామూలు రంపం కూడా వాడతారు. దిమ్మ రెండున్నర అడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు, ఆరేడు అంగుళాల మందం ఉంటుంది. చాలా దిమ్మలు ఇంటి నేలలోంచే కోస్తారు కాబట్టి గోడ లేచేకొద్దీ నేల దిగి, ఎత్తు కలిసొస్తుంది.

మొదటి చుట్టు పేర్చాక తొలి దిమ్మల్ని వాలుగా చెక్కేస్తారు. ఇక్కడే తెలివంతా! ఆ వాలు మీంచి గోడ ఒకే మెలికగా పైకి పోతుంది, ప్రతి దిమ్మకీ కిందా పక్కా ఆనిక దొరుకుతుంది. దిమ్మ అడుగున మధ్యలో కాస్త తొలిచి మూలల మీద నిలబెట్టి, అరచేత్తో ఒక్కటి కొడితే కూర్చుంటుంది. అడుగంతా ఆనేలా పెడితే ఊగుతుంది. గోడని మొదటి చుట్టు నుంచే లోపలికి వంచాలి. ఆలస్యం చేస్తే పైన మూయలేనంత ఖాళీ మిగులుతుంది. ఆఖరి దిమ్మని ఖాళీకన్నా పెద్దగా కోసి, నిలువుగా బయటికి తోసి, పడుకోబెట్టి, లోపల్నుంచి అంచులు చెక్కుతూ దించుతారు. బయటివాళ్లు సందుల్లో మంచుపొడి కూరుతారు.

దారి నేలకన్నా దిగువన, పడుకునే అరుగు ఎత్తున ఉంటాయి. చల్లగాలి బరువు, కిందే ఉండిపోతుంది. పైన గాలి రంధ్రం పూడిపోకుండా చూడాలి, పూడితే దీపం వెలిగే గదిలో ప్రాణాల మీదికి వస్తుంది. సీల్ అనే సముద్రజంతువు నూనెతో కులిక్ దీపం వెలిగిస్తే గోడ లోపలివైపు కొంచెం కరిగి, మళ్లీ గడ్డకట్టి బిగుస్తుంది. వేడి మితిమీరితే మాత్రం మంచులోని గాలి పోయి గోడ ఐసుగడ్డగా మారుతుంది, చలి ఆగదు. లోపల నున్నగా చెక్కితే కరిగిన నీరు గోడ వెంటే జారుతుంది, బొడిపెలు మిగిలినచోట నెత్తిన చుక్కలు పడతాయి. అలాంటిచోట పిడికెడు మంచు అంటిస్తారు, అది నానాక పీకేసి ఇంకోటి.