కొర్ర, కంది 5:1 - మూడో విత: ఐదో సాలు ఎందుకు మొలవలేదు?

కంది మొలిచింది. మీటరుకు ఎనిమిది గింజలు వేస్తే ఆరేడు వచ్చాయి. దాని గురించి ఇంతకన్నా రాసేదేమీ లేదు.

కొర్ర దగ్గరే మళ్లీ దెబ్బ తిన్నాను. అదీ చేనంతా కాదు, ప్రతి పట్టెలోనూ (ఐదు సాళ్లు కొర్ర, ఆరోది కంది) ఐదో సాలు మాత్రమే. శనివారం సాయంత్రం కదిరి నుంచి బండి మీద వచ్చి గట్టెక్కి చూస్తే, నాలుగు సాళ్లు పచ్చగా, ఐదోది బోడిగా, దాని పక్కన కంది చక్కగా. తొమ్మిది పట్టెల్లోనూ ఇదే వరస. కోపం రాలేదు, నవ్వొచ్చింది.

ముందు జరిగింది రెండు ముక్కల్లో. పోయినేడు తోసుకుంటూ విత్తే ఒకే సీడర్‌తో, ఒకే లోతులో రెండూ వేశాను. 5 సెం.మీ. పెడితే కంది బాగుంది, కొర్ర మీటరుకు ఆరు మొలకలు. 2 సెం.మీ.కి మారిస్తే కొర్ర 34, కంది రెండో మూడో, అవీ ఎండకు వాడిపోయాయి. ఈ జూన్‌లో లోతులు విడదీశాను కానీ విత్తిన మూడో రోజు అరగంటలో 22 మి.మీ. వాన, ఆ వెంటనే ఎండ. ఎర్రనేల కదా, పైన పెచ్చు కట్టేసింది. కత్తితో లేపితే అప్పడంలా వచ్చింది, మందం 7 మి.మీ. దాని కింద కొర్ర మొలకలు తెల్లగా, దారపు ఉండల్లా చుట్టుకుని ఉన్నాయి. పక్క చేను పెద్దాయన చూసి, "గింజకు ఊపిరాడాల కదా సారూ, ఆ పొద్దే కంప లాగింటే అయిపోయేది" అన్నాడు. జులై 12న తిరిగి వేశాక మళ్లీ వాన పడింది. ఈసారి మర్నాడే పెచ్చు పగిలేలా చేనంతా తుమ్మకంప లాగాను. కొన్ని మొలకలు విరిగాయి కానీ పెచ్చు గొడవ తీరింది.

అందుకే ఈ ఐదో సాలు నాకు మింగుడుపడలేదు. పదో రోజు ప్రతి సాలులో పదేసి చోట్ల మీటరు కర్ర పెట్టి లెక్కపెట్టాను. మొదటి నాలుగు సాళ్ల సగటు వరసగా 31, 33, 29, 32. ఐదోది 9. ఎలాగూ పలచన చేసి మీటరుకు పది, పన్నెండు ఉంచుతాం కాబట్టి తొమ్మిది చాలదా అనిపించవచ్చు. చాలదు, ఎందుకంటే ఆ తొమ్మిదీ గుంపులుగా ఉన్నాయి, మధ్యలో జానెడు జానెడు ఖాళీ.

మొదటి అనుమానం చీమల మీద. కొర్ర గింజ సన్నం కాబట్టి అందరూ ఇసుక కలుపుతారు. నాకు ఇసుక నచ్చదు, ఆన్‌లైన్‌లో కొన్న నా చవక సీడర్ ప్లాస్టిక్ రోలర్‌ను రెండు గంటల్లో గీకేస్తుంది. అందుకని బొంబాయి రవ్వ కలిపాను. తీపి లేకపోయినా చీమలు పండగ చేసుకున్నాయి, నిజమే. కానీ రెండు పట్టెలకు రవ్వ అయిపోయి ఇసుకే కలిపాను, వాటిలోనూ ఐదో సాలు బోడే. చీమలు నిర్దోషులు.

రెండోది సీడర్. పాత దుప్పటి పరిచి మూడుసార్లు మీటరేసి నడిపాను. 58, 61, 55 గింజలు పడ్డాయి. అయినా ఐదు సాళ్లూ అదే రోలర్‌తో వేసినవే. ఈ పరీక్ష ఎందుకు చేశానో నాకే తెలియదు.

మూడోది లోతు. చెంచాతో తవ్వి స్కేలు పెట్టాను. నాలుగో సాలులో గింజ మీద 2.1 సెం.మీ. మట్టి, ఐదో సాలులో 1.6. అంటే లోతు ఎక్కువ కాదు, ఇంకా తక్కువే. కానీ చెంచా దిగలేదు. ఒకచోట మెత్తగా దిగుతుంది, కాస్త జరిగితే ఇటుకలా తగులుతుంది. ఖాళీలను కొలిచాను. ఒక ఖాళీ నడుమ నుంచి తర్వాతి ఖాళీ నడుమకు 62, 65, 61, 64 సెం.మీ. అప్పుడు లేచి నిలబడి నా అడుగు కొలుచుకున్నాను. 63.

నేనే. నా తొమ్మిదో నంబరు బూట్లే.

ఎలా జరిగిందంటే, ముందు కొర్ర సాళ్లన్నీ వేసేసి, తర్వాత సీడర్‌లో గింజలు వదిలే బిళ్ల మార్చి కంది వేశాను. కంది గింజ అప్పుడప్పుడూ బిళ్లలో ఇరుక్కుంటుంది. పడుతోందో లేదో చూసుకోవడానికి సీడర్ వెనక కాకుండా ఎడమ పక్కన నడిచాను. ఎడమ పక్కన ఉన్నది ఐదో కొర్ర సాలు. తడి నేల మీద ఎనభై కిలోలు. బూటు పడ్డచోట గింజ నొక్కుకుపోయింది, కంప కూడా ఆ గట్టి అచ్చును కదిలించలేకపోయింది.

ఆదివారం గొడ్డలి మొనతో ఐదో సాలు పక్కన సన్నగా గీసి రెండు పట్టెల్లో మాత్రం కొర్ర మళ్లీ చల్లాను. మిగతా ఏడింటిలో ఆ ఖాళీల్లో అలసంద పెట్టేశాను, కొర్ర ఇప్పుడు వేస్తే కోత ఒకేసారి రాదు.

రకాల మాట అడుగుతారు కాబట్టి: కొర్ర సూర్యనంది, కంది పి.ఆర్.జి. 176. కందిలో ఆశ అనే రకమూ మంచిదే, ఎండు తెగులును తట్టుకుంటుంది. కానీ 170, 180 రోజులు నిలబడాలి. బోరు లేని చేనులో నవంబరు దాటాక వాన మీద అంత ఆశ పెట్టుకోలేను. కొర్ర 75 రోజుల్లో తప్పుకుంటే, అప్పటిదాకా నింపాదిగా ఉన్న కంది ఆ తర్వాత కొమ్మలు చాస్తుంది. ఈ పొత్తులో నాకు నచ్చేది అదే.

వచ్చే విత నుంచి కంది ముందు, కొర్ర తర్వాత. అసలు సీడర్‌నే పక్కన పెట్టి, పెద్దాయన దగ్గరున్న, ఎద్దులతో విత్తే ఆరు పళ్ల గొర్రు అడుగుదామనుకుంటున్నాను. ఐదు పళ్లకు కొర్ర, ఆరోదానికి కంది, లెక్క దానికదే సరిపోతుంది. కంది గింజ జారే గొట్టాన్ని విడిగా వెనక కట్టి లోతుగా దించేవాళ్లట. ఎద్దులు మాత్రం ఆయన అమ్మేశారు. చిన్న ట్రాక్టరుకు తగిలించవచ్చా అని కమ్మరిని అడిగాను, ఆదివారం వచ్చి చూస్తానన్నాడు. ఈలోగా కంకి పాలు పోసుకునే లోపు పిట్టలకు వల కొనాలి. పోయినసారి మెరిసే రిబ్బన్లు కట్టాను, పిచ్చుకలు వాటి మీదే కూర్చుని తిన్నాయి.