మారుతి 800కు పాత చక్రాల వేట

అమలాపురం దగ్గర మా ఊళ్ళో, పాకలో ఆరేళ్ళుగా కదలకుండా నిలిచిపోయిన నాన్నగారి 1996 నాటి మారుతి 800ను మళ్ళీ రోడ్డెక్కించాలని పూనుకున్నప్పుడు, ఇంజను కంటే ముందు చక్రాలే నన్ను ఆపాయి. టైర్లు నేల ఆనినచోట చదునుగా అణిగిపోయాయి. తేమకూ, రొయ్యల చెరువుల మీదుగా వచ్చే ఉప్పు గాలికీ డిస్కుల (టైరు ఎక్కించే ఇనుప చక్రాల) మీద టైరు కూర్చునే అంచు పొరలు పొరలుగా లేచిపోయింది.

ఈ కారుకు కావలసినది నాలుగు బోల్టుల 12 అంగుళాల డిస్కు. ఎదురెదురు బోల్టు రంధ్రాల నడుమ దూరం 114.3 మిల్లీమీటర్లు. స్విఫ్ట్ డిస్కులకు అది 100 మాత్రమే. రంధ్రాలను సాగదీసి బిగించవచ్చని ఒక కొట్టులో చెప్పారు గానీ, నట్టు ఏటవాలు అంచు చక్రాన్ని పట్టి ఉంచేది ఆ రంధ్రంలోనే కనుక నేను ఒప్పుకోలేదు. జెన్ కారు 13 అంగుళాల డిస్కులు చూపుకు బాగుంటాయి. అయితే 12 అంగుళాల డిస్కుకు వేసే 145/70 ఆర్12 టైరు ఎత్తు 508 మిల్లీమీటర్లయితే, 13 అంగుళాలదానికి వేసే 145/70 ఆర్13 ఎత్తు 533. చక్రం ఒక్కో చుట్టుకు కారు ఎక్కువ దూరం పోతుంది కనుక, స్పీడు మీటరు 60 చూపుతున్నప్పుడు కారు 63లో పోతూ ఉంటుంది.

చివరకు రావులపాలెంలో ఒక పాత సామాన్ల కొట్టులో, వెండి రంగు కొత్తగా కొట్టిన 800 డిస్కులు ఏడు దొరికాయి. నాతో వచ్చిన మా ఊరి పంక్చరు షాపు పెద్దాయన, "రంగు చూడకండి బాబూ, అంచు చూడండి, ఆయ్" అంటూ తీగ బ్రష్షుతో గీకితే మూడు పనికిరావని తేలింది. మిగిలిన నాలుగింటినీ ఒక్కొక్కటిగా హబ్బుకు (చక్రం బిగించే తిరుగుడు భాగానికి) బిగించి, అంచు దగ్గర సుద్దముక్క పట్టి తిప్పి, వంకర లేదని చూసుకున్నాకే ఒక్కోటి 600 రూపాయలకు తీసుకున్నాను.

టైర్ల దగ్గర మాత్రం పొదుపుకు హద్దు పెట్టుకున్నాను. పక్కగోడ మీది నాలుగంకెలు తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. గాడులు ఎంత లోతుగా ఉన్నా, ఎండకు గట్టిపడిన పాత రబ్బరు తడి రోడ్డును పట్టుకోదు. గాడుల అడుగున ఉండే 1.6 మిల్లీమీటర్ల గుర్తు దాకా అరిగినవాటిని చేతితో ముట్టలేదు. లోపల చెయ్యి పెట్టినప్పుడు పక్కగోడ వెంబడి రబ్బరు పొడి రాలితే, అది గాలి లేకుండా నడిపిన టైరని అర్థం. పైకి నల్లగా మెరుస్తున్నా అటువంటివి రెండు వెనక్కి ఇచ్చేశాను.

అలా రెండే మంచివి దొరకగా, మరో రెండు కొత్తవి కొన్నాను. ముందు చక్రాలే లాగే కారు కనుక కొత్తవి ముందుకే వేయమని అందరూ చెప్పారు. నేను వెనక వేయించాను. వానలో మలుపు దగ్గర వెనక చక్రాల పట్టు తప్పితే కారు గిర్రున తిరుగుతుంది. మేము రోజూ నడిచేది ఒకపక్క కాలవ ఉన్న గట్టు రోడ్డు మీద.

స్టెప్నీకి ఐదో డిస్కు కోసం ఇంకా వెతుకుతున్నాను.