డబుల్ క్లిక్ చేస్తే స్క్రిప్టు నడవాలా, తెరుచుకోవాలా?

అమీర్‌పేటలో లినక్స్ నేర్చుకుంటున్న మా తమ్ముడు, తాను రాసిన బ్యాకప్ స్క్రిప్టు (కంప్యూటరు వరుసగా చేయాల్సిన ఆదేశాలున్న ఫైలు) మీద డబుల్ క్లిక్ చేస్తే అందులోని అక్షరాలే కనబడుతున్నాయి తప్ప పని జరగడం లేదన్నాడు. ఫైలుకు అమలు అనుమతి, అంటే దాన్ని ప్రోగ్రాములా నడపవచ్చనే గుర్తు ఉంది, మొదటి పంక్తిలో ఆ ఆదేశాలను నడిపే బ్యాష్ అనే ప్రోగ్రాము చిరునామా కూడా ఉంది. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌కు ఆ రెండూ చాలు. స్క్రిప్టు చదవదగిన పాఠమూ, నడపదగిన ప్రోగ్రామూ కూడా కావడం వల్ల, క్లిక్ చేసినవారి ఉద్దేశం ఏమిటో ఫైళ్లను చూపించే ఫైల్ మేనేజరుకు తెలిసే వీలు లేదు. అందుకే లినక్స్ డెస్క్‌టాప్ కేడీఈ వారి ఫైల్ మేనేజరు డాల్ఫిన్ తెరవాలా, నడపాలా అని అడుగుతుంది. మరో డెస్క్‌టాప్ గ్నోమ్ వారి ఫైల్స్ ఇటీవలి వెర్షన్లలో దాన్ని ఎడిటర్‌లో తెరిచి, నడిపే అవకాశాన్ని కుడి క్లిక్ మెనూలో ఉంచుతుంది. విండోస్ మామూలుగా తన స్క్రిప్టుల్లో ఒక రకమైన పవర్‌షెల్ స్క్రిప్టును నోట్‌ప్యాడ్‌లో తెరుస్తుంది కానీ, మరో రకమైన, మనం రాసుకున్న బ్యాచ్ ఫైలును అడగకుండానే నడిపేస్తుంది. ఈ పక్షపాతం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది.

అడగడం విసుగే అయినా, ఎవరో పంపిన జిప్ ఫైలును విప్పితే అందులోని అమలు అనుమతులు అలాగే వచ్చే అవకాశం ఉంది గనుక, నేను డాల్ఫిన్ పక్షమే. ఇక ఎగ్జ్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవులో అమలు అనుమతిని దాచుకునే చోటే లేదు. ప్రాపర్టీస్‌లో ఆ టిక్కును ఎన్నిసార్లు మార్చినా ఆ మార్పు నిలవదు.